పాయింట్లున్నాయి సరే... సీటేదీ?

క్రెడిట్ కార్డ్ యాప్ తెరవగానే పైన ఓ మూల ఒక నంబర్ కనిపిస్తుంది. 38,420 అనో, 1,12,600 అనో. సరుకులు, ఆన్‌లైన్ పార్సిళ్లు, ఇంట్లోకి కొన్న ఫ్రిజ్, దసరాకి తీసుకున్న బట్టలు... అన్నీ కలిసి అలా పాయింట్లయి కూర్చుంటాయి. చాలామంది వాటితో ఏడాది చివర్లో ఓ మిక్సీయో, షాపింగ్ వోచరో తీసుకుని ఊరుకుంటారు. ఇంకొందరు ఇన్‌స్టాలో ఒక రీల్ చూస్తారు. విమానంలో ముందు క్యాబిన్, మంచంలా పరుచుకున్న సీటు, తలుపు వేసుకుంటే చిన్న గదిలా మారిపోయే సూట్, చేతిలో గ్లాసు. కింద క్యాప్షన్: 'అంతా పాయింట్లే బ్రో, ఫ్రీ!'

ఆ రీల్‌లో చెప్పని సంగతి ఒకటుంది. పాయింట్లు పోగేయడం ఇందులో తేలిక భాగం. వాటిని తీసుకుని బిజినెస్ క్లాసు సీటు ఇచ్చేవాడు దొరకడమే కష్టం. పోయిన ఏడాది మా అమ్మానాన్నల కోసం నాలుగు నెలలు ఈ వేట సాగించాను. ఈ ఆటలో అసలు సొమ్ము పాయింట్లు కాదని, తేదీలు మార్చుకోగలిగే వెసులుబాటేనని అప్పుడు తెలిసింది. ఆ కథ చెప్తాను. దానికంటే ముందు విమానం లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

ఖాళీ సీటున్నా మనది కాదు

ఒక విమానంలో బిజినెస్ క్లాసు సీట్లు 40 అనుకుందాం. ప్రయాణానికి ఇంకా మూడు నెలలుంది, 25 ఖాళీ. డబ్బులు పెట్టి కొనేవాళ్లకి ఆ సీట్లు కనిపిస్తాయి. పాయింట్లతో కొనేవాళ్లకి మాత్రం సున్నా. ఇదేం అన్యాయం అనిపిస్తుంది కదా. కానీ రైల్లో మనం రోజూ చూసేదే ఇది. తత్కాల్ కోటాలో బెర్తులుంటాయి, జనరల్‌లో వెయిటింగ్ లిస్ట్ 60 దాటుతుంది. బోగీ ఒకటే, బెర్తులూ అవే. ఎవరికి ఎన్ని అన్నది కోటా చెప్తుంది.

విమానంలో ఆ కోటాలకి ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు. స్టార్ అలయన్స్ కంపెనీల్లో భాగస్వాముల పాయింట్లతో ఇచ్చే బిజినెస్ సీట్లకి 'ఐ', ఫస్ట్ క్లాసుకి 'ఓ', ఎకానమీకి 'ఎక్స్'. వన్‌వరల్డ్ వాళ్ల దగ్గర బిజినెస్‌కి 'యు', ఫస్ట్‌కి 'జడ్'. ఆ అక్షరం పక్కన 2 అని ఉంటే రెండు సీట్లున్నట్టు. 0 ఉంటే విమానం సగం ఖాళీగా వెళ్లినా మనకి లేనట్టే. ఈ అంకెని రోజూ మార్చేది కంపెనీలోని రెవెన్యూ మేనేజ్‌మెంట్ వాళ్లూ, వాళ్ల సాఫ్ట్‌వేరూ. వాళ్ల ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: ఈ సీటుని చివర్లో ఎవరైనా లక్షలు పోసి కొంటారా? కొంటారనిపిస్తే దాచి ఉంచుతారు. కొనరనిపిస్తే పాయింట్ల కోటాలోకి వదిలేస్తారు.

అందుకే సీట్లు ఎక్కువగా రెండు సందర్భాల్లో కనిపిస్తాయి. ఒకటి, బుకింగ్ మొదలయ్యే రోజు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 331 రోజుల ముందు తెరుస్తుంది. బ్రిటిష్ ఎయిర్‌వేస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ 355 రోజుల ముందు. రెండోది, ప్రయాణానికి ముందు చివరి రెండు వారాలు. అప్పటికి అమ్ముడుపోని సీటు ఇంక పోదని కంపెనీకి అర్థమైపోతుంది. మధ్యలో ఉన్న నెలలన్నీ అదృష్టం మీద ఆధారపడాల్సిందే.

ఇంకో మెలిక కూడా ఉంది. కంపెనీలు తమ సొంత సభ్యులకి చూపించే సీట్లన్నీ భాగస్వాములకి చూపించవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ దూరప్రయాణాల బిజినెస్ సీట్లు కావాలంటే దాదాపుగా వాళ్ల క్రిస్‌ఫ్లయర్ మైల్సే ఉండాలి. వేరే స్టార్ అలయన్స్ కంపెనీ పాయింట్లతో వెతికితే అవి అరుదుగా గానీ కనిపించవు. కాబట్టి 'లేవు' అని యాప్ చెప్పిందంటే దానర్థం మనం వెతికిన చోట లేవని మాత్రమే.

పుడ్డింగ్ కప్పులతో మొదలుపెట్టిన మనిషి

ఈ పాయింట్ల వ్యవహారం ఈనాటిది కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ఆడ్వాంటేజ్ పేరుతో మొదలుపెట్టింది. ఇప్పుడందరూ అదే దారిలో ఉన్నారు. మన ఎయిర్ ఇండియా 2014లో స్టార్ అలయన్స్‌లో చేరింది, ఫ్లయింగ్ రిటర్న్స్‌గా ఉన్న దాని పథకం పేరు ఇప్పుడు మహారాజా క్లబ్.

పాయింట్ల పిచ్చిలో గురువు అనదగ్గవాడు కాలిఫోర్నియాకి చెందిన డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజినీరు. 1999లో ఒక ఆహార కంపెనీ తమ ప్యాకెట్ల బార్‌కోడ్లు పంపితే మైల్స్ ఇస్తామంది. ఈయన లెక్క వేసి చూస్తే అందులో అన్నిటికంటే చవకైనది చిన్న పుడ్డింగ్ కప్పు. 12,150 కప్పులు కొన్నాడు. సుమారు 3,140 డాలర్ల ఖర్చుతో పన్నెండున్నర లక్షల మైల్స్ వచ్చాయి. తిన్నంత తిని మిగతావి సాల్వేషన్ ఆర్మీకి దానం ఇచ్చాడు, లేబుళ్లు పీకే పని వాళ్లు చేసిపెట్టారు. తర్వాత ఈ సంగతి ఒక హాలీవుడ్ సినిమాలోకి కూడా ఎక్కింది.

అలాంటి కంతలు ఇప్పుడు చాలావరకు పూడ్చేశారు. ఎందుకంటే పాయింట్లు కంపెనీలకి పెద్ద వ్యాపారం. బ్యాంకులు వాటిని కొని మనకి ఇస్తాయి. 2020లో కరోనా దెబ్బకి విమానాలు ఆగిపోయినప్పుడు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్నే తాకట్టు పెట్టి వేల కోట్ల అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ పథకానికి కట్టిన విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లు. విమానాలు నేల మీదున్నా పాయింట్ల విలువ నిలబడిందన్నమాట.

కాన్పుకి తొమ్మిది నెలలు, క్యాలెండర్‌కి పదకొండు

మా అక్క డాలస్‌లో ఉంటుంది. ఏప్రిల్‌లో డెలివరీ. మార్చి మధ్యకల్లా అమ్మా నాన్నా అక్కడ ఉండాలి. ఇది తెలుగు ఇళ్లలో చాలామందికి తెలిసిన ప్రయాణమే. శంషాబాద్‌లో అర్ధరాత్రి వీల్‌చెయిర్ల వరుస చూస్తే తెలుస్తుంది, ఎంతమంది అమ్మలు కారప్పొడి డబ్బాలతో అమెరికా బయల్దేరుతున్నారో.

మా ఇంట్లో చిక్కల్లా నాన్న మోకాలు. ఎనిమిది నెలల కింద కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. గంటల తరబడి కాలు మడిచి కూర్చోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. హైదరాబాద్ నుంచి దోహా నాలుగు గంటల పైచిలుకు. దోహా నుంచి డాలస్ దాదాపు 16 గంటలు. ఎకానమీలో ఆ 16 గంటలు ఎలా అన్నదే అందరి దిగులు. బిజినెస్ క్లాసు టికెట్ చూస్తే ఆ రోజు ఒక్కొక్కరికి ఒకవైపుకే 2,80,000 రూపాయలు చూపించింది. నాన్న పెన్షన్ మనిషి. ఆ అంకె విని 'అమ్మాయి దగ్గరికి నువ్వెళ్లు, నేను ఇక్కడే ఉంటాలే' అన్నారు అమ్మతో.

అక్క దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్ 1,52,000 ఉన్నాయి. డాలస్ ఆ కంపెనీకి సొంతూరు లాంటిది కాబట్టి అక్కడున్న చాలామందికి అవే ఉంటాయి. ఖతార్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్ కూటమిలోదే. అమెరికన్ మైల్స్‌తో ఇండియా నుంచి అమెరికాకి ఖతార్‌లో బిజినెస్ సీటు ఏళ్ల తరబడి 70,000 మైల్స్. ఎకానమీ 40,000. ఇద్దరికి బిజినెస్ 1,40,000. సరిగ్గా సరిపోతాయి. పైన పన్నుల కింద కొద్ది వేల రూపాయలు, అంతే.

సీటుంటే కదా! 331 రోజుల ముందు దొరుకుతాయని చెప్పాను. మనిషి కాన్పు 280 రోజులే. అక్క మాకు శుభవార్త చెప్పేసరికే ఆ కిటికీ మూసుకుపోయింది. ఇంక మిగిలింది మధ్యలో అదృష్టం, చివర్లో రెండు వారాలు.

మొదట చేసింది, మార్చి 14 శనివారానికి ఇద్దరికీ ఎకానమీ అవార్డు టికెట్లు తీసేసుకోవడం. 80,000 మైల్స్. ఈ కంపెనీలో అవార్డు టికెట్ రద్దు చేస్తే మైల్స్ ఫీజు లేకుండా వెనక్కి వస్తాయి. కాబట్టి అది గొడుగు. వాన రాకపోతే మడిచేస్తాం. ఏ కంపెనీతో వెతికినా మొదట చూడాల్సింది ఇదే: రద్దు చేస్తే ఎంత పోతుంది? కొన్నిచోట్ల ఏమీ పోదు, కొన్నిచోట్ల బాగానే కోస్తారు.

తర్వాత నవంబర్ నుంచి రోజూ వెతుకులాట. పొద్దున టీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. యాప్‌లో 'మైల్స్‌తో' అని టిక్ పెట్టి, నెల క్యాలెండర్ తెరిస్తే ఏ రోజు ఎన్ని మైల్సో వరుసగా కనిపిస్తుంది. అందులో 70 వేలు ఉన్న రోజు కోసం చూడాలి. ఇద్దరికని వెతికితే ఒక్క సీటున్న రోజు అసలు కనిపించదు. అందుకే ముందు ఒక్కరికని వెతకాలి, దొరికాక ఇద్దరికని చూడాలి. ఈ చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

డిసెంబర్‌లో ఒక రోజు 70 వేలు, ఇద్దరికీ ఉంది! అక్క వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టి వరసగా చప్పట్లు. వివరాలు తెరిచి చూస్తే హైదరాబాద్–దోహా నాలుగు గంటలు బిజినెస్, దోహా–డాలస్ 16 గంటలు ఎకానమీ. దీన్ని మిక్స్‌డ్ క్యాబిన్ అంటారు. పెళ్లిలో ఆకేసి మంచినీళ్లు పోసి, భోజనం పక్క ఊళ్లో పెట్టినట్టు. ధర మాత్రం బిజినెస్‌దే. ఒక్కో విమానం కింద ఏ క్లాసో రాసి ఉంటుంది, అది చదవకుండా ఎప్పుడూ డబ్బు కట్టకండి.

జనవరిలో నిజమైన సీటు ఒకటి దొరికింది. ఒక్కటే. అమ్మ వెంటనే 'మీ నాన్నకి తీసెయ్, నేను మామూలు దాంట్లో కూర్చుంటా. నాకేం మోకాళ్లు బాగానే ఉన్నాయి' అంది. అది అబద్ధమని మా అందరికీ తెలుసు. కానీ ఆ సీటు వదల్లేదు. అక్క దగ్గర మిగిలిన 72,000లోంచి 70,000 పెట్టి నాన్న పేరు మీద తీసేసింది. తేదీ మార్చి 10, మంగళవారం. అమ్మ ఎకానమీ టికెట్‌ని అదే రోజుకి మార్చాం. నాన్న పాత టికెట్ రద్దు చేస్తే 40,000 వెనక్కొచ్చాయి. ఖాతాలో మొత్తం 42,000.

ఇక్కడే లెక్క బిగుసుకుంది. అమ్మకి బిజినెస్ కావాలంటే 70,000. ఉన్నవి 42,000. అమ్మ ఎకానమీ టికెట్ కూడా రద్దు చేస్తేనే 82,000 అవుతాయి. అంటే చేతిలో ఉన్న టికెట్ వదిలేసి, దొరికిందో లేదో తెలియని టికెట్ పట్టుకోవాలి. సీటు కనిపించాక రద్దు చేసి, మైల్స్ వెనక్కి పడి, మళ్లీ బుక్ చేసేలోపు దాన్ని ఇంకెవరైనా ఎగరేసుకుపోతే? ఎకానమీ కూడా పోయినట్టే.

మార్చి ఒకటి, ఆదివారం. మా టైము రాత్రి పది దాటింది. ప్రయాణం ఇంకా తొమ్మిది రోజులు. మంగళవారం విమానంలో బిజినెస్ కోటాలో '1' కనిపించింది. అక్కకి ఫోన్ చేశాను. 'చెయ్యనా?' అంది. తొమ్మిది నెలల కడుపుతో, లాప్‌టాప్ ముందు. 'ముందు ఎకానమీ సీట్లు ఇంకా ఉన్నాయేమో చూడవే' అన్నాను. ఉన్నాయి, నాలుగు. అంటే బిజినెస్ జారిపోయినా ఎకానమీ మళ్లీ దొరుకుతుంది. అప్పుడు రద్దు నొక్కింది. మైల్స్ వెంటనే పడ్డాయి. బుక్ నొక్కింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఈ నాలుగు నిమిషాలూ బావ వంటింట్లోంచి గిన్నెలు కడుగుతూ కామెంట్రీ. చివరికి ఖాతాలో మిగిలింది 12,000.

అమ్మకి చెప్తే మొదట అడిగిన మాట: 'పక్కపక్కనేనా?'

మధ్యలో చెన్నై నుంచో, బెంగళూరు నుంచో ఎందుకు వెతకలేదని అడగొచ్చు. వెతికాం. ఫిబ్రవరిలో చెన్నై నుంచి రెండు సీట్లు ఒక రోజు కనిపించాయి కూడా. వయసులో ఉన్నవాళ్లైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. కానీ హైదరాబాద్–చెన్నై వేరే టికెట్. అక్కడ సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే బాధ్యత ఎవరిదీ కాదు. మోకాలు ఆపరేషన్ అయిన మనిషితో ఆ రిస్క్ వద్దనుకున్నాం. పాతికేళ్ల వాళ్లకి మాత్రం నేను చెప్పేది వేరు. ఒక రోజు ముందే వెళ్లి, ఆ ఊళ్లో ఫ్రెండ్ ఇంట్లో పడుకుని ఎక్కండి. వెతికే ఊళ్లు ఎన్ని పెరిగితే సీట్లు అన్ని పెరుగుతాయి.

హైదరాబాద్ నుంచి మిగతా దారులు

ఖతార్ ఒక్కటే కాదు. ముందే ప్లాన్ చేసుకునేవాళ్లకి బ్రిటిష్ ఎయిర్‌వేస్ బాగా పనికొస్తుంది. హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా విమానం ఉంది. ప్రతి దూరప్రయాణ విమానంలో కనీసం 14 రివార్డు సీట్లు ఇస్తామని ఆ కంపెనీ బాహాటంగా మాటిచ్చింది. బిజినెస్‌లో 4, ప్రీమియం ఎకానమీలో 2, ఎకానమీలో 8. ఇవి 355 రోజుల ముందు, అక్కడ అర్ధరాత్రి వేళ తెరుచుకుంటాయి. అంటే మనకి తెల్లవారుజాము. అలారం పెట్టుకోవాల్సిందే. వాళ్ల పాయింట్లని ఏవియోస్ అంటారు. ఖతార్, ఫిన్‌ఎయిర్, ఐబీరియా కూడా అదే కరెన్సీ వాడుతున్నాయి, ఖాతాలు కలిపితే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకోవచ్చు. ఒకే ఒక్క బాధ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ టికెట్ మీద సర్‌చార్జి గట్టిగా వేస్తుంది. 'ఫ్రీ' టికెట్‌కి పదుల వేలు కట్టాల్సి రావచ్చు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్‌లో సేవర్, అడ్వాంటేజ్ లాంటి వేర్వేరు ధరలు. సేవర్ తక్కువ. అది లేకపోతే వెయిటింగ్ లిస్ట్‌లో చేరొచ్చు, రైలు లాగే. ఆస్ట్రేలియాలో చదువుకునే పిల్లలున్న ఇళ్లకి ఈ దారి దగ్గర. క్రిస్‌ఫ్లయర్ మైల్స్ మూడేళ్లకి కాలం చెల్లిపోతాయని గుర్తుంచుకోవాలి.

ఎయిర్ కెనడా వాళ్ల ఏరోప్లాన్ నాకు బాగా నచ్చిన పథకం. లుఫ్తాన్సా, టర్కిష్, ఎయిర్ ఇండియా లాంటి స్టార్ అలయన్స్ విమానాలెన్నో దాంతో బుక్ చేయొచ్చు. ఇంధన సర్‌చార్జి వేయరు. భాగస్వామి విమానానికి 39 కెనడా డాలర్ల ఫీజు, అంతే. ఇంకో 5,000 పాయింట్లిస్తే మధ్యలో ఒక ఊళ్లో కొన్ని రోజులు ఆగొచ్చు కూడా. లుఫ్తాన్సా హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నడుపుతోంది. అంటే అమెరికా దారిలో నాలుగు రోజులు యూరప్ చూసి వెళ్లొచ్చు. వీసా ఉంటే!

ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం వాళ్ల ఫ్లయింగ్ బ్లూలో స్థిరమైన ధర ఉండదు, రోజురోజుకీ మారుతుంది. కాకపోతే ప్రతి నెలా కొన్ని రూట్ల మీద ప్రోమో రివార్డ్స్ అని తగ్గింపు ఇస్తారు. చూస్తూ ఉండటమే.

ఇన్ని యాప్‌లు విడివిడిగా తెరవలేకపోతే సీట్స్ డాట్ ఏరో, పాయింట్ డాట్ మీ లాంటి వెతికే సైట్లున్నాయి. చాలా పథకాల్లోని సీట్లని ఒకేచోట చూపిస్తాయి. ఉచితంగా వాడితే పరిమితులుంటాయి, డబ్బు కడితే ఎక్కువ రోజులు, అలర్ట్‌లు. ఇవంటే కంపెనీలకి గిట్టదు. 2023లో ఎయిర్ కెనడా ఏకంగా సీట్స్ డాట్ ఏరో మీద అమెరికా కోర్టులో దావా వేసింది. ఈ సైట్లు చూపించేది కొన్ని గంటల కిందటి సమాచారం కావచ్చు. కంపెనీ సొంత యాప్‌లో కూడా కనిపించాకే నమ్మండి.

అక్కడ కనిపించినా ఒక్కోసారి నమ్మలేం. దెయ్యం సీట్లు అని ఒక రకం ఉంటాయి. లిస్టులో కనిపిస్తాయి, పేమెంట్ దాకా వెళ్తే ఎర్రర్ వస్తుంది. తిరుగు ప్రయాణం వెతికేటప్పుడు ఒక కంపెనీ యాప్‌లో మాకు వరుసగా మూడు రోజులు అలాగే అయింది. బావ బ్యాంకు పాయింట్లు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి కాబట్టి ఏమీ పోలేదు. బ్యాంకు నుంచి విమాన పథకానికి పాయింట్లు పంపితే మళ్లీ వెనక్కి రావు. అందుకే వరుస ఎప్పుడూ ఇలా ఉండాలి: ముందు సీటు వెతుకు, చివరి పేజీ దాకా వెళ్లి చూడు, కుదిరితే కాల్ సెంటర్లో అడుగు, ఆ తర్వాతే పాయింట్లు పంపు.

ఇంతకీ లాభమేనా?

70,000 మైల్స్‌తో 2,80,000 టికెట్ వస్తే ఒక్కో మైల్ నాలుగు రూపాయలన్నమాట. అదే మైల్స్‌తో 70,000 రూపాయల ఎకానమీ టికెట్ 40,000కి కొంటే ఒక్కోటి రూపాయి ముప్పావలా. యూట్యూబర్లు ఈ నాలుగు రూపాయల లెక్కే చూపించి ఊదరగొడతారు. నాకైతే ఆ లెక్క సగమే నిజం అనిపిస్తుంది. మా ఇంట్లో ఎవరూ 2,80,000 పెట్టి ఆ టికెట్ కొనేవాళ్లు కాదు. కొనని వస్తువు మీద వచ్చిన డిస్కౌంట్ ఎంతని చెప్తాం? నాన్న వెళ్లగలిగారు, అదే మాకొచ్చింది.

ఇక పోగేసే వైపు చూడండి. మీ కార్డు ప్రతి 100 రూపాయల ఖర్చుకి 2 పాయింట్లిస్తుంది, ఒక పాయింటుకి ఒక మైల్ వస్తుంది అనుకుందాం. 70,000 మైల్స్‌కి 35 లక్షల ఖర్చు చేయాలి! నెలకి ముప్పై వేలు కార్డు మీద ఖర్చుపెట్టే కుర్రాడికి దాదాపు పదేళ్లు పడుతుంది. ఈలోగా ధరలు పెంచేస్తారు. కాబట్టి కొత్త కార్డు బోనస్‌లు, ట్రావెల్ మీద ఇచ్చే ఎక్కువ పాయింట్లు, ఆఫీసు టూర్లు, లేదా అమెరికాలో ఉన్న అక్కా బావా... ఇలాంటివేవో లేకుండా ఒక్క సరుకుల బిల్లుతో బిజినెస్ క్లాసు ఎక్కడం కుదరదు.

బిల్లు పూర్తిగా కట్టకుండా పాయింట్ల కోసం కార్డు గీకేవాళ్ల లెక్క ఇంకా ఘోరం. మన దగ్గర చాలా కార్డుల వడ్డీ నెలకి 3.5 శాతం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. 50,000 ఒక నెల బాకీ ఉంచితే 1,750 రూపాయలు. అదే 50,000 మీద వచ్చే పాయింట్లు 1,000. ఏ రకంగా చూసినా నష్టమే.

ఇంకో మాట. టెలిగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో 'బిజినెస్ క్లాస్ సగం ధరకే' అని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. చాలావరకు ఎవరివో మైల్స్‌తో తీసిన అవార్డు టికెట్లే అవి. మైల్స్ అమ్మడం దాదాపు అన్ని పథకాల నిబంధనల ప్రకారం నిషేధం. పట్టుకుంటే ఖాతా మూసేస్తారు, టికెట్ రద్దు చేస్తారు. ఆ రద్దు మీరు దోహాలో దిగి రెండో విమానం ఎక్కబోయే ముందు కూడా జరగొచ్చు. అమ్మానాన్నల్ని అలాంటి టికెట్ మీద పంపడం అస్సలు వద్దు.

టికెట్ అయ్యాక

బుక్ అయింది కదా అని వదిలేయకండి. అమెరికన్ దగ్గర తీసిన టికెట్ అయినా నడిపేది ఖతార్. ఇద్దరి సిస్టమ్‌లలో వేర్వేరు పీఎన్ఆర్‌లు ఉంటాయి. రెండోది తెలుసుకుని, నడిపే కంపెనీ యాప్‌లో టికెట్ కనిపిస్తోందో లేదో చూడాలి. సీట్లు ఎంచుకునేదీ, వీల్‌చెయిర్ అడిగేదీ అక్కడే. వీల్‌చెయిర్‌కి ఏ క్లాసులోనైనా డబ్బు తీసుకోరు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇది పెద్ద తంటా. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక గడిలో, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకో గడిలో ఉంది. పాస్‌పోర్టు ఫొటో ఎదురుగా పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూశాకే అక్క 'కన్ఫర్మ్' నొక్కింది. అమ్మది, నాన్నది వేర్వేరు రోజుల్లో తీసిన టికెట్లు కాబట్టి, ఇద్దరూ కలిసి వెళ్తున్నారని కాల్ సెంటర్‌కి చెప్పి రెండు బుకింగ్‌లనీ జతచేయించాం. పక్కపక్క సీట్లు దొరికాయి.

భోజనం కూడా ముందే చెప్పాలి. ఏవీఎంఎల్ అనే కోడ్ పెడితే మన తరహా శాకాహారం ఇస్తారు. బిజినెస్ క్లాసులో తెల్లటి గుడ్డ పరిచి, పింగాణీ ప్లేట్లలో, ఎప్పుడడిగితే అప్పుడు వడ్డిస్తారని అమ్మకి వీడియో చూపించి మరీ చెప్పాను. అంతా విని తలూపింది. బయల్దేరే రోజు హ్యాండ్ బ్యాగ్ తూకం వేద్దామని తెరిస్తే, పైనే ఉంది స్టీలు డబ్బా. పులిహోర.

'పదహారు గంటలురా. వాళ్లు పెట్టేది ఎలా ఉంటుందో ఏమో' అంది.